పారే మాట, చేరే మాట



ఈ నెల మనం తెలుసుకోబోయే ఇంగ్లీషు మాట ‘ఎలొక్వెంట్లీ’. ఎ-లొ-క్వెంట్-లీ అని నాలుగు ముక్కలు చేసి, మొదటి ముక్కను కాస్త వొత్తి పలకండి. రెండుమూడు సార్లకు నాలుక తిరుగుతుంది.

దీని అర్థమేమిటని అడిగితే ‘అనర్గళంగా’ అని చటుక్కున చెబుతాం. మరి ‘ఫ్లూయెంట్లీ’ అంటే? దానికీ ‘అనర్గళంగా’ అనే చెబుతాం. రెండింటికీ ఒకే అర్థమయితే రెండు మాటలు ఎందుకు? అక్కడే వున్నది కిటుకు.

ముందు ఫ్లూయెంట్లీ సంగతి చూద్దాం. లాటిన్ భాషలో ‘పారు’ అనే అర్థం గల మాట నుంచి ఇది పుట్టింది. మన ‘ధారాళం’లోనూ ధార వున్నది గదా! ‘అర్గళం’ అంటే తలుపు గడియ. గడియ అడ్డు లేనిది అనర్గళం. అటు ఆదిలాబాదు సీమకూ ఇటు కరీంనగరు సీమకూ నడుమ వానకాలంలో గోదావరి ఎలా సాగిపోతుందో, అలా తడుముకోకుండా మాట్లాడటమే ఫ్లూయెంట్లీ మాట్లాడటం.

ఎలొక్వెంట్లీ అనే మాటకు మూలమైన లాటిన్ మాటకు అర్థం ‘బయటికి పలకడం’. మనసులో వున్న దానిని పైకి తెచ్చి, వినేవారి మనసుకు చేర్చడమన్న మాట. గోదావరి ఎంత నిండుగా పారినా, వొడ్డుకు దూరాన వున్న మడి తడవదు. శ్రీరాంసాగరు దగ్గర ఆనకట్ట కట్టి, కాకతీయ కాలువ తవ్వితేనే ఆ నీరు కరీంనగరు పొలాలకు అందింది. పారడం వేరు, చేరడం వేరు.

ఏ మాట ఎక్కడ వాడాలో తెలుసుకునేందుకు ఒక చిన్న ఉపాయం చెబుతాను. ‘ఏ భాషలో?’ అనే ప్రశ్నకు సంబంధించినది ఫ్లూయెంట్లీ. ‘దేన్ని గురించి?’ అనే ప్రశ్నకు సంబంధించినది ఎలొక్వెంట్లీ. చాలా చోట్ల ఈ గుర్తు పనికి వస్తుంది.

‘షీ స్పీక్స్ గోండీ ఫ్లూయెంట్లీ’ – ఆమె గోండీ ధారాళంగా మాట్లాడుతుంది.

‘షీ స్పోక్ ఎలొక్వెంట్లీ ఎబౌట్ హర్ విలేజ్’ – ఆమె తన వూరిని గురించి మనసుకు హత్తుకునేటట్లు మాట్లాడింది.

మొదటి వాక్యంలో మరొక సంగతి గమనించండి. తెలుగులో ‘ధారాళంగా’ అన్న తరువాత ‘మాట్లాడుతుంది’ అంటాం. ఆ అలవాటు చొప్పున ‘స్పీక్స్ ఫ్లూయెంట్లీ గోండీ’ అని రాస్తే తప్పు. ఇంగ్లీషులో క్రియ వెంటనే భాష పేరు రావాలి. ఎలా మాట్లాడుతుందో చెప్పే మాట ఆ తరువాత వస్తుంది.

ఇక ఒక బడిలో ‘చెరువు’ మీద ఉపన్యాసాల పోటీ జరిగిందనుకోండి. ఒక పిల్లవాడు లేచి, నీరు ప్రాణికోటికి ఆధారమంటూ బట్టీ పట్టిన పది వాక్యాలను గుక్క తిప్పుకోకుండా వొప్పజెప్పాడు. తరువాత ఒక పాప లేచింది. రెండు సార్లు ఆగింది. గొంతు సవరించుకున్నది. చివరకు ఇలా అన్నది: “మా చెరువు నిండిన ఏడు మా బాపు బొంబాయికి పోలేదు. ఇంట్లనే ఉన్నడు.”

అంతే, కూర్చున్నది. మీకు ఎవరి మాట గుర్తుంటుంది? మొదటివాడు ఫ్లూయెంట్లీ మాట్లాడాడు. ఎలొక్వెంట్లీ మాట్లాడినది ఆ పాప.

ఇటువంటిదే చరిత్రలోనూ జరిగింది. 1863 నవంబరు 19న అమెరికాలోని గెటీస్‌బర్గ్‌లో, యుద్ధంలో మరణించిన సైనికుల శ్మశానవాటిక దగ్గర పెద్ద సభ జరిగింది. గొప్ప వక్తగా పేరు పొందిన ఎడ్వర్డ్ ఎవరెట్ సుమారు రెండు గంటలసేపు ఉపన్యసించాడు. తరువాత దేశాధ్యక్షుడు అబ్రహాం లింకన్ లేచి, మూడు వందలకు లోపు మాటలతో రెండు మూడు నిమిషాలలో ముగించాడు. ఈనాటికీ లోకం చదువుకుంటున్నది లింకన్ ప్రసంగాన్నే. తాను రెండు గంటలలో చెప్పబోయిన దానిని ఆయన రెండు నిమిషాలలో చెప్పాడని ఎవరెట్ స్వయంగా మరునాడే ఉత్తరం రాశాడు.

“మా ఇంట్లో ఇంగ్లీషు లేదు, మాకీ విద్య ఎలా వస్తుంది?” అని మీలో కొందరు అనుకోవచ్చు. వేములవాడకు దగ్గరలో హనుమాజీపేట అనే వూరున్నది. 1931లో సి. నారాయణరెడ్డిగారు అక్కడ పుట్టారు. అవి నిజాం పాలన నాటి రోజులు. బడిలో చదువంతా ఉర్దూలో సాగేది. ఆయన ఉర్దూ మాధ్యమంలోనే చదువుకున్నారు. కాని వూళ్లో హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు చెవులారా విన్నారు. ఆ తెలుగే ఆయనను కవిని చేసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. ‘విశ్వంభర’ కావ్యానికి 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందారు. ఆయన సభలో మాట్లాడుతుంటే జనం కదలకుండా వినేవారు. బడి ఉర్దూ నేర్పింది, వూరు తెలుగు నేర్పింది. ఆయన రెండింటినీ ప్రేమించి, తెలుగులో గజళ్లు కూడా రాశారు.

ఆదిలాబాదు అడవి పల్లెల సంగతి కూడా చెప్పుకోవాలి. 1940 దశకంలో హైమన్‌డార్ఫ్ అనే పండితుడు మార్లవాయి గ్రామంలో వుండి, గోండు పిల్లలకు మొదట గోండీలోనే చదువు చెప్పించే ఏర్పాటు చేశాడు. ఎందువల్ల? కొత్త భాషలో పిల్లవాడు మాటలు వెదుక్కుంటాడు. ఇంటి భాషలో అయితే ఆ వెదుకులాట వుండదు. తాను చెప్పదలచిన సంగతి మీదనే మనసు నిలుస్తుంది. అలా చెప్పడం అలవాటయిన పిల్లవాడికి కొత్త భాష వచ్చినప్పుడు, దానిలో చెప్పడానికి విషయం సిద్ధంగా వుంటుంది.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, తరగతిలో చివరి వరుసలో కూర్చుని, జవాబు తెలిసినా నోరు మెదపని పిల్లలు వున్నారు. ఇంగ్లీషు ధారాళంగా రాదని కొందరికి బెరుకు. ఇంటి యాస విని నవ్వుతారని కొందరికి సిగ్గు. నత్తి వున్నదని కొందరికి భయం. బిడ్డలారా! నత్తి వున్నవాడు ఫ్లూయెంట్లీ మాట్లాడలేకపోవచ్చు, ఎలొక్వెంట్లీ మాట్లాడగలడు. ఇంగ్లీషు ధార అభ్యాసంతో వస్తుంది, రోజూ కాస్త చదవండి, కాస్త మాట్లాడండి. అందాకా మీ దగ్గరున్న సంగతిని లోపలే దాచుకోకండి. తడబడుతూ మాట్లాడే తోటివాడి మాటను మధ్యలో అందుకోకుండా, నవ్వకుండా చివరిదాకా వినడం మిగతావాళ్ల పని. వినేవాడు లేనిదే ఏ మాటా చేరదు.

ఇప్పుడు మీకొక పని. ఈ రెండు ఖాళీలలో ఏ మాట ఎక్కడ వస్తుందో రాయండి:

1. మా తాత మరాఠీ ______ మాట్లాడతాడు.

2. ఎండిన బావిని గురించి మా అవ్వ గ్రామసభలో ______ మాట్లాడింది.

రాసిన తరువాత, మీ వూరిని గురించి మీరు మాత్రమే చెప్పగల సంగతి ఒకటి, మీకు వచ్చిన భాషలో, మూడు వాక్యాలలో రాసి ఇంట్లో చదివి వినిపించండి. విన్నవాళ్లు వెంటనే ఇంకొక ప్రశ్న అడిగారంటే, మీ మాట చేరిందన్న మాటే!