చేపల ఐసు

ఏలూరులో, ఏప్రిల్‌లో, మధ్యాహ్నం మూడింటికి ఫుట్‌బాల్ మ్యాచ్. ఎవరు పెట్టారో అడక్కండి. ఫోన్‌లో 36 డిగ్రీలే చూపిస్తోంది. "ముప్పై ఆరేగా! ఎండంటే ఏంటో రెంటచింతల వాళ్ళనడుగు" అని నవ్వుకుంటూ దిగాం.

సెకండాఫ్‌లో మా లెఫ్ట్ బ్యాక్ బంతిని మా గోలు వైపే తన్నాడు. అందరం తిట్టాం. కాసేపటికి మళ్ళీ అదే పని. దగ్గరికెళితే, "ఒరేయ్, ఎవరితోరా ఆడుతున్నాం?" అన్నాడు. జోక్ కాదు, నిజంగానే అడిగాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. "చెమటలు పడుతున్నాయిగా, వడదెబ్బ కాదులే" అన్నాడు గట్టున కూర్చున్న ఓ పెద్దాయన. మేమూ నమ్మేశాం. ఆటలో తగిలే వడదెబ్బకి చెమట ఆగిపోవాలన్న రూలేం లేదని తర్వాత తెలిసింది. ఒళ్ళు కాలుతూ మనిషి అయోమయంగా మాట్లాడుతుంటే చాలు, అనుమానించాల్సిందే.

36కే అలా ఎందుకైందంటే, మన ఉక్కపోత. ఒకపక్క కొల్లేరు, చుట్టూ చేపల చెరువులు, కాలవలు. గాల్లో తడి ఎక్కువైతే చెమట ఆరదు. ఒంటిని చల్లబరిచేది ఆరే చెమటే, కారే చెమట కాదు. అందుకే పెద్ద ఫుట్‌బాల్‌లో ఉత్తి థర్మామీటర్‌ని నమ్మరు. డబ్ల్యూబీజీటీ అని ఒక లెక్కుంది. అందులో పదింట ఏడు పాళ్ళు తడిబట్ట చుట్టిన థర్మామీటర్‌వి, రెండు ఎండలో పెట్టిన నల్లగుండువి, మామూలు థర్మామీటర్‌ది ఒక్క పాలే. ఆ లెక్కలో 32 దాటితే మ్యాచ్ ఆపి నీళ్ళివ్వడం 2014లో ఫిఫా పద్ధతి. 2014 ప్రపంచకప్‌లో ఫోర్టలెజాలో నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్‌ని అలాగే ఆపారు. డచ్ కోచ్ వాన్ గాల్ ఆ నీళ్ళ బ్రేక్‌లోనే ప్లాన్ మార్చి, ఓడిపోయే మ్యాచ్‌ని 2-1తో లాక్కున్నాడు. తెలివంటే అదీ!

2012లో వచ్చిన ఒక అధ్యయనంలో 17 మంది మేటి ఆటగాళ్ళని 21 డిగ్రీల్లో ఒకసారి, 43 డిగ్రీల్లో ఒకసారి ఆడించారు. వేడిలో మొత్తం పరుగు 7 శాతమే తగ్గింది గానీ, వేగంగా పరిగెత్తడం 26 శాతం పడిపోయింది. తమాషా ఏంటంటే, పాసులు ఇంకా బాగా కుదిరాయి. వాళ్ళు పరుగు దాచుకుని బంతిని పరిగెత్తించారని నాకనిపిస్తుంది. మనం? ఎవడైనా నెమ్మదిస్తే "ఏరా, అన్నం తినలేదా" అని అరుస్తాం. మావాడు ఆ మాట పడలేకే పరిగెత్తాడు. పైగా నెలరోజులు పరీక్షలని ఫ్యాన్ కింద కూర్చుని, ఒక్కసారిగా ఎండలో పడ్డాడు. రోజూ కొంచెం కొంచెంగా ఆడితే ఒంటికి వేడి అలవాటవ్వడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది మరి.

చివరికి మా గోల్‌కీపర్ వాళ్ళ నాన్నకి ఫోన్ కొట్టాడు. ఆయన చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేస్తారు. పది నిమిషాల్లో బండి మీద ఐసు బస్తాతో వచ్చేశారు. "చేప పాడవకుండా ఇంత ఐసు కొడతాం, పిల్లాడికి కొట్టమా" అంటూ గ్రౌండు పక్క నీళ్ళ తొట్టిలో కుమ్మరించారు. వాణ్ణి అందులో మెడదాకా కూర్చోబెట్టి, తల మునక్కుండా పట్టుకున్నాం. 108 వచ్చాకే బయటికి తీశాం. హాస్పిటల్లో డాక్టరు గారు అదే మంచి పని అన్నారు: ముందు చల్లార్చాలి, తర్వాతే తరలించాలి. తెలివి తప్పుతున్నవాడి నోట్లో మాత్రం నీళ్ళు పొయ్యకూడదట, పొలమారతాయి.

ఇప్పుడు మా మ్యాచ్‌లన్నీ పొద్దున్న ఆరింటికే. గ్రౌండు పక్కన నీలం డ్రమ్ము, దాన్నిండా ఐసు నీళ్ళు, అందులో నాలుగు తువ్వాళ్ళు. మొన్న తాడేపల్లిగూడెం వెళితే, "ఏంటన్నా, కొల్లేరు నుంచి చేపలు కూడా తెచ్చారా?" అని వాళ్ళు ఒకటే నవ్వులు. హాఫ్ టైమ్‌కి చూస్తే, మా తువ్వాళ్ళు నాలుగూ వాళ్ళ మెడల మీదే ఉన్నాయి.