కుళాయి వచ్చింది - మురుగు ఎత్తే కార్మికుని మాటేమిటి?

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్, గ్రామాలలో మనిషికి రోజుకు 55 లీటర్ల మంచినీటిని ఇంటి కుళాయి ద్వారా అందించడం తన లక్ష్యమని చాటింది. బిందెలు మోసి నడుములు వంగిన మన తల్లుల శ్రమను తగ్గించే ఈ లక్ష్యాన్ని మేము హర్షిస్తున్నాము. కాని ఇంటిలోనికి వచ్చిన నీరు తిరిగి బయటకు పోవలసిందే. సరఫరా అయిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా మారుతుందని ఇంజనీర్ల అంచనా. ఆ లెక్కన రెండు వేల జనాభా గల గ్రామం నుండి రోజుకు 88 వేల లీటర్ల మురుగునీరు వెలువడుతుంది.

దీనిని శుద్ధి చేయడానికి పట్టణాలలోని ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. పెరడు ఉన్న ఇంటికి ఇంకుడు గుంత చాలును. ఇరుకు వీధుల మురుగును కాలువల ద్వారా ఊరి వెలుపలి కొలనులకు మళ్లించవచ్చును. అక్కడ మడ్డి అడుగుకు దిగుతుంది. ఎండకు పెరిగిన నాచు ప్రాణవాయువునిస్తుంది. సూక్ష్మజీవులు మాలిన్యాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. పంజాబులోని జలంధర్ జిల్లా సీచేవాల్ గ్రామంలో, బల్బీర్ సింగ్ సీచేవాల్ నాయకత్వాన, ప్రజలు ఇటువంటి పద్ధతితోనే మురుగును శుద్ధి చేసి పొలాలకు పారించారు.

అక్కడ భక్తితో పనిచేసే చేతులున్నాయి. కాని దేశంలోని లక్షలాది గ్రామాలకు సేవాభావమొక్కటే ఆధారం కాజాలదు. ఇంకుడు గుంత సబ్బు జిడ్డుతోను, ఒండ్రుతోను పూడిపోతుంది. కాలువ మూసుకుపోతుంది. కొలనులో మడ్డి పేరుకుంటుంది. దానిని తొలగించవలసినది కార్మికుడే.

నిధుల మాటకు వస్తే, 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంట్లలో 60 శాతాన్ని మంచినీరు, పారిశుద్ధ్యాలకు కేటాయించింది. షరతులు లేవని చెప్పిన మిగిలిన 40 శాతాన్ని మాత్రం జీతాలకు వాడరాదన్నది! గుంత త్రవ్వడానికి సొమ్మున్నది, గుంతను కాపాడే మనిషికి లేదు. 2023 జూలైలో తెలంగాణ గ్రామపంచాయతీ కార్మికులు ఉద్యోగ భద్రత కోరుతూ సమ్మెకు దిగినది ఈ పరిస్థితులలోనే.

చేతులతో మలాన్ని ఎత్తించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగుగుంతలలో మరణించినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షల రూపాయలుగా, 2023లో 30 లక్షలుగా నిర్ణయించింది. మరణానికి పరిహారం పెరిగింది; బ్రతికి ఉండగా రక్షణ ఏదీ?

ఈ బాధ మనకు కొత్తది కాదు. 1974 మే సమ్మెలో రైల్వే క్యాజువల్ కార్మికులను పర్మనెంటు చేయాలన్నది మన ప్రధాన కోర్కెలలో ఒకటి. శాఖ పని అంతా చేస్తూ శాఖకు వెలుపలివారుగా మిగలడమంటే ఏమిటో గ్రామీణ డాక్ సేవకులకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేడు పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడు నిలిచినది అదే చోట.

కనుక మురుగునీటి నిర్మాణానికి మంజూరు చేసే ప్రతి అంచనాలోను నిర్వహణ కార్మికుని జీతం, రక్షణ పరికరాలు, మడ్డి తోడే యంత్రం, వైద్య పరీక్షలు చేర్చాలని మేము కోరుతున్నాము. గ్రామాలలో నివసించే మన సభ్యులు గ్రామసభలో ఈ ప్రశ్న వేయాలి. మన బ్రాంచీలు తీర్మానాలు చేయాలి. మన వీధి మురుగు ఎత్తే మనిషి పక్షాన నిలవడం సంఘటిత కార్మికులుగా మన కర్తవ్యం.