రంగు చిమ్ము యంత్రమును మన పనివాని బుద్ధియు

సికిందరాబాదు నగరమున రాణీగంజి వీధులలో తిరిగినవారికి ఒక దృశ్యము సుపరిచితము. పంపులు, మోటార్లు, గొట్టములు, వాల్వులు, కంప్రెసర్లు దుకాణముల ముంగిట గుట్టలుగా పడియుండును. వాని నడుమ గోడకు వ్రేలాడుచు, చేతిలో నిముడునంతటి సాధన మొకటి కానవచ్చును. పనివారు దానిని రంగు గన్ను అందురు. బీరువాకు, బస్సునకు, రైలు పెట్టెకు, వైద్యశాలలోని మంచమునకు వర్ణము నిచ్చునది ఇదియే. ఇంతటి అల్పవస్తువును గూర్చి సంపాదకీయమేల యని చదువరులు శంకింపవచ్చును. జాతి యొక్క స్వాతంత్ర్యము శాసనసభలలో ఎంత పరీక్షకు వచ్చునో, ఇట్టి అల్పవస్తువులయందును అంతయే పరీక్షకు వచ్చునని మా విశ్వాసము. అందుచేతనే ఈ ప్రసంగము.

ఈ సాధనమున ఆశ్చర్యము గొలుపునది దాని యాకారము గాదు. ద్రవమును అదుపున నుంచు నేర్పు. మీట నొక్కినంతనే మొదట గాలి తెఱచుకొనును. పిదప సన్నని సూది వెనుకకు జరిగి రంగునకు దారి యిచ్చును. మీట వదలినపుడు ముందుగా రంగు ఆగును, తరువాత గాలి ఆగును. ఈ పౌర్వాపర్యము క్షణమాత్రము తప్పినను రంగు పొగమంచుగా మారక, చుక్కయై రేకుపై పడి కారును. సూది యొదిగి కూర్చుండు రంధ్రము మిక్కిలి సన్నమై యుండును. 1.4 మిల్లిమీటర్ల రంధ్రము అరిగి 1.6 అయ్యెనేని, దాని వైశాల్యము నూటికి ముప్పదిపాళ్లు పెరుగును. కంటి కగుపడని ఆ యరుగుదల పూతపై కారుచారలుగా ఎల్లరకు నగుపడును.

రంగు నీటివంటిది కాదు. నిలిచినచో పొడి యడుగున పేరుకొనును, చల్లబడినచో చిక్కనగును, కదిలించినచో పలుచనగును. కావున పెద్ద కార్ఖానాలలో దానిని చుట్టుగొట్టములగుండ ఎల్లవేళల ప్రవహింపజేయుచుందురు. ఎఱుపు నుండి తెలుపునకు మారవలసినపుడు గొట్టములో మిగిలినదంతయు వ్యర్థమే. కనుక రంగు మార్చు వాల్వును గన్నునకు ఎంత చేరువగా నుంచిన అంత లాభము. రెండు ద్రవములు కలిసి గట్టిపడు పాలియురిథేను రంగులయందు పాళ్లు తప్పినచో పూత మెత్తబడుటయో పెళుసుబాఱుటయో తప్పదు. కలిపిన కొన్ని గంటలకే పాత్రలోని దంతయు రాయివలె నగును. ఆ రెండు ద్రవములను కొలిచి, తగిన చోట కలిపి, తగిన వేగమున బయటికి పంపు యుక్తులపై ప్రపంచమున లెక్కకు మిక్కిలి పేటెంట్లు గలవు. సూది, కవాటము, ఒత్తిడి, ప్రవాహము: ఈ నాల్గింటి నడుమనే ఈ విద్య యంతయు నడచుచున్నది.

దీని పుట్టుపూర్వోత్తరములు బోధప్రదములు. సన్నని నాళములలో ద్రవము ప్రవహించు నియమమును 1840వ సంవత్సర ప్రాంతమున నిర్ణయించిన పోయిజీ ఫ్రెంచి వైద్యుడు. రక్తప్రసారమును తెలిసికొనుటకై ఆయన ఆ శ్రమకు పూనుకొనెను. నాళము వ్యాసము రెట్టింపైనచో ప్రవాహము పదునారు రెట్లగునని ఆయన పరిశోధనవలన తేలినది. అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందు అలెన్ డివిల్బిస్ అను మఱియొక వైద్యుడు రోగుల గొంతులో మందు చిలుకరించుటకు ఒక సాధనమును కల్పించి 1888లో కంపెనీని స్థాపించెను. ఆయన కుమారుడు దానినే రంగు చిమ్ముటకు మలచెను. చికాగోలో ఒక పెద్ద వస్త్రదుకాణపు నేలమాళిగ గోడలకు సున్నము వేయించు బాధ్యత గల జోసెఫ్ బింక్స్ అను ఉద్యోగి, కుంచెలతో పని తెమలక, 1887లో చేతిపంపుతో సున్నమును చిమ్ము యంత్రమును కట్టెను. 1893లో ఆ నగరమున జరిగిన మహాప్రదర్శనమున, గడువు సమీపించిన వేళ, ఆ బ్రహ్మాండమైన భవనములను తెల్లగా చేసినది ఇట్టి యంత్రములే.

ఆ 1893వ సంవత్సరమును సికిందరాబాదు మఱువరాదు. ఆ యేటి ఫిబ్రవరి 13వ తేదీన వివేకానందస్వామి ఇచటి మహబూబు కళాశాలలో తన పాశ్చాత్యయాత్రోద్దేశమును గూర్చి ఉపన్యసించెను. పిదప ఆయన పోయినది ఆ ప్రదర్శనకు అనుబంధముగా జరిగిన సర్వమతసభకే. ఆ యేటనే ఇచటి లాలాగూడలో నిజాము రైల్వేవారి కార్ఖానా వెలసెను. ఇది నేటికిని దక్షిణ మధ్య రైల్వే పెట్టెలను మరమ్మతు చేసి, మెఱుగిడి, మరల పట్టాల కెక్కించుచున్నది. ఒకే సంవత్సరమున చికాగోలో రంగు చిమ్ము యంత్రము ప్రపంచము కంటబడినది. మన యూర రంగు వేయవలసిన పెట్టెల కార్ఖానా ఆరంభమైనది. మన వేదాంతము అటుపోయి గౌరవము పొందినది. వారి యంత్రము ఇటువచ్చి మన చేతికి పనిముట్టైనది. ఈ వినిమయమున మనకు లజ్జ యేమియు లేదు. కాని నూటముప్పది యేండ్లు గడచిన పిదప, ఆ యంత్రమునకు మనము చేర్చిన దేమి యని అడుగుట న్యాయము.

మనకు బుద్ధి లేదని ఎవరును అనజాలరు. ద్రవత్వమును ఒక ప్రత్యేకగుణముగా గ్రహించి, ప్రవాహమునకు అదియే హేతువని వైశేషికులు ఏనాడో వ్రాసియుంచిరి. గుణమును గుర్తించిన వాని సంతతివారు కవాటమును కల్పింపలేకపోవుటకు కారణము శాస్త్రమున లేదు, పాలనలో నున్నది. ఈ దేశమున ఆవిష్కరణాధికారమునకు మొదటి దరఖాస్తు 1856లో కలకత్తాలో పెట్టబడెను; పెట్టినవాడు డిపెనింగ్ అను ఇంజనీరు; ఆవిష్కరణము పంకా లాగు యంత్రము. దొరలకు గాలి విసరుటతో మన పేటెంటు చరిత్ర మొదలైనది! తరువాత వచ్చిన 1911 నాటి చట్టము స్వరాజ్యము వచ్చిన పిదపను ఆఱు దశాబ్దములు నిండువఱకు నిలిచినది. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగారు నివేదిక సమర్పించి, ఈ దేశపు పేటెంట్లలో అత్యధికభాగము విదేశీయులవే యనియు, వానిలో పెక్కింటిని వారిచట ఆచరణలో పెట్టుటయే లేదనియు వెల్లడించిరి. ఆ పునాదిపై 1970 చట్టము వచ్చి 1972లో అమలయ్యెను. కేవలము దిగుమతి గుత్తాధిపత్యమునకై పేటెంట్ల నీయరాదను ధర్మసూత్రము ఆ చట్టమున నేటికిని గలదు.

పరిశ్రమయందు మనవారు నిద్రించి యుండలేదు. మైసూరు ప్రభువు 1937లో లక్క, రంగుల కార్ఖానాను నెలకొల్పెను. 1962 నుండి మన యోటర్ల వ్రేళ్లపై నిలుచు చెరగని సిరా అచటిదే. యుద్ధకాలమున దిగుమతులు నిలిచినపుడు, 1942లో, నలుగురు మిత్రులు బొంబాయిలో ఏషియన్ పెయింట్సును ఆరంభించిరి. ఆ యేటనే హైదరాబాదున ఆల్విన్ లోహపరిశ్రమయు, మఱుసటి యేట సికిందరాబాదు కవాడీగూడలో ప్రాగా టూల్సును పుట్టినవి. 1944లో హైదరాబాదు సంస్థానము స్థాపించిన ప్రయోగశాలయే నేడు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. రంగును మన మెఱుగుదుము. రేకును మన మెఱుగుదుము. సూక్ష్మముగా లోహము తొలుచుటయు మన యూరి పనివారు ఎఱుగుదురు. ఈ మూడు విద్యలు ఒక్క నగరమున కూడియుండియు, వానిని కలుపు కవాటమున మాత్రము మనము వెనుకబడితిమి. స్వయంచాలక యంత్రములలో ప్రవాహమును కొలిచి దిద్దు భాగముల మీది పేరు చదివినచో, అమెరికా, జపాను, జర్మనీ దేశముల ముద్రలే తఱచుగ అగుపడును.

పరదేశపు గన్ను మన చేతిలో బాగుగనే పనిచేయుచున్నది గదా యని కొందఱందురు. సగమే నిజము. శీతలదేశమున దిద్దిన యమరిక మన వైశాఖమునకు సరిపడదు. నలుబది డిగ్రీల యెండలో ద్రావకము దారిలోనే ఆవిరియై, రంగు తడిగా చేరవలసినది పొడిగా చేరి గరుకుదేలును. వానకాలమున గాలిలోని తేమ సెల్లులోజు లక్కపూతపై పాలవంటి మసకను తెచ్చును. మన పనివాడు ప్రొద్దున ఒకలాగు, మధ్యాహ్నమున నొకలాగు తిన్నరు కలుపుకొని, మర త్రిప్పుకొని ఎట్లో నెగ్గుకొని వచ్చుచున్నాడు. అతని వ్రేళ్లలో నున్న ఆ తెలివిని ఒక కవాటముగా మార్చుటయే ఆవిష్కరణము. ఆ పని మ్యూనిచ్ నగరమున జరుగదు. ఎండ యెఱిగిన చోటనే జరుగవలయును.

ధనముకంటె గొప్ప విషయ మొకటి యున్నది. సామాన్యమైన గాలిగన్నునుండి వెలువడిన రంగులో సగమునకు తక్కువయే రేకును చేరును. తక్కినది గాలిలో కలిసి, కొంత నేలను, కొంత పనివాని యూపిరితిత్తులను చేరును. రంగు వేయు వృత్తియే క్యాన్సరునకు హేతువని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనశాల 1989లో నిర్ణయించినది. తక్కువ యొత్తిడితో ఎక్కువ గాలిని పంపు గన్నులును, విద్యుదాకర్షణమున రంగును రేకునకు లాగు యంత్రములును ఈ వ్యర్థమును ఎంతయో తగ్గింపగలవు. కాని మన బాటప్రక్క షెడ్లలో ముక్కునకు చేతిరుమాలు కట్టుకొని బస్సులకు, లారీలకు రంగు వేయు కుఱ్ఱవానికి అవి అందుబాటులో లేవు. గొంతునకు మందు వేయుటకై పుట్టిన సాధనము గొంతునకే విషము చిమ్ముచున్నది! చౌకగా, ఇచటనే బాగుచేసికొనదగినట్లుగా, రంగును రేకునకే చేర్చు గన్నును కల్పించినవాడు వేలకొలది కుటుంబములకు ఉపకారి యగును. ఇంతకుమించిన స్వదేశి యేది?

ఇక మన మనోవ్యథకు మూలమును చెప్పెదము. ఒక పనివాడు అట్టి గన్నును కల్పించెననుకొనుడు. దాని వివరమును అతడు తెలుగున వ్రాసి పేటెంటు కోరజాలడు. మన నిబంధనల ప్రకారము పత్రములన్నియు ఇంగ్లీషుననో హిందీలోనో యుండవలయును. తెలుగు రాష్ట్రములు రెంటికిని కార్యాలయము చెన్నపట్టణముననే యున్నది. దరఖాస్తులను ఇంటర్నెట్టు ద్వారా పంపవచ్చుననుట నిజమే. వ్యక్తికి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలే యనుటయు నిజమే. కాని పరభాషలో హక్కుల పరిధిని అక్షరము తప్పకుండ వ్రాయించుటకు నిపుణున కీయవలసిన ప్రతిఫలము ఆ రుసుమునకు అనేక రెట్లగును. ఇందలి విపరీతమును చూడుడు. ఐరోపా పేటెంటు కార్యాలయమున 2007 డిసెంబరు నుండి అమలులోనున్న ఒడంబడిక ప్రకారము, ప్రపంచమున ఏ భాషలోనైనను దరఖాస్తు పెట్టి, రెండు మాసములలో అనువాదము నీయవచ్చును. మన ప్రభుత్వముయొక్క అనుమతి పొందినచో, తెలుగువాడు తెలుగున వ్రాసిన కాగితమును మ్యూనిచ్ నగరము పుచ్చుకొనును, చెన్నపట్టణము పుచ్చుకొనదు!

చదువురాని పనివారు ఆవిష్కరణములు చేయుదురా యని పరిహసించువారు గలరు. బింక్స్ కథ వారికి మొదటి సమాధానము. రెండవ సమాధానము మన యింటనే యున్నది. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టి, ఆఱవ తరగతితో చదువు మానిన చింతకింది మల్లేశము, దినమునకు వేలమార్లు చేయి త్రిప్పి ఆసు పోయుచు తల్లి పడు భుజపునొప్పిని చూడలేక, ఆసు యంత్రమును నిర్మించెను. 2017లో పద్మశ్రీ బిరుదమును పొందెను. అట్టివారిని వెదకి లోకమునకు చూపు పల్లెసృజన సంస్థ సికిందరాబాదుననే పనిచేయుచున్నది. బుద్ధికి కొఱత లేదు. దారి మాత్రమే ఇఱుకు. దారి వెడల్పైనకొలది ప్రవాహమెంత పెరుగునో పోయిజీ మహాశయుడు చెప్పియే యున్నాడు.

కావున మా కోరికలు మూడు. మొదటిది, తెలుగున దాఖలైన ఆవిష్కరణ పత్రమునకు దాఖలైన నాటి తేదీనే ఖాయపఱచి, అనువాదమునకు గడువును, బీదవానికి ప్రభుత్వవ్యయమున అనువాదకుని ఈయవలయును. రెండవది, చిన్న మెఱుగులకు ప్రత్యేకరక్షణ కల్పించు చట్టము రావలయును. జర్మనీ 1891లోనే అట్టి చట్టమును చేసికొన్నది. మన దేశమున 2011లో చర్చాపత్రము వెలువడినను చట్టము రాలేదు. కవాటమును ఒక రవ్వ మార్చి మేలుపఱచిన పనివానికి ఇరువదియేండ్ల పెద్ద పేటెంటు దొరకకపోవచ్చును. కొద్దియేండ్ల రక్షణమైనను చాలును. మూడవది, గడువు తీరిన పేటెంట్లు ఊరిచెఱువు వలె సర్వజనుల సొత్తు. వానిలో రంగు యంత్రములకు సంబంధించినవానిని పటములతో సహా తెనుగించి, పారిశ్రామిక శిక్షణశాలలకును రాణీగంజి దుకాణములకును చేర్చవలయును. 2023లో హైదరాబాదున తెఱచిన టీ-వర్క్సు వంటి శాలల ద్వారములు పట్టభద్రులకెంత విశాలముగ నున్నవో, మసిబట్టల మేస్త్రీకిని అంత విశాలముగ నుండవలయును.

దేశీయుల దరఖాస్తులు పెరుగుచున్న మాట నిజమే. 2022-23లో మొత్తము ఎనుబదివేలు దాటగా, సగమునకు పైగా మనవారివే. ఇది సంతోషింపదగిన సంగతి. కాని వానిలో షెడ్డునుండి వచ్చినవెన్ని, లాలాగూడ వంటి కార్ఖానాల నేలమీదినుండి వచ్చినవెన్ని యను ప్రశ్నకు సమాధానము దొరకినప్పుడే ఆ సంతోషము పూర్ణమగును. ఈ నగరమున రైలు పెట్టెపై మెఱయు ప్రతి పూతవెనుకను ఒక పనివాని యూపిరియు, ఒక పనివాని వ్రేళ్ల తెలివియు గలవు. ఆ యూపిరిని కాపాడుట, ఆ తెలివికి పేరు నిలుపుట ప్రజాప్రభుత్వముల ధర్మము. ఆ ధర్మమును వారు మఱువకుండునట్లు చేయుట మనందఱి విధి.