మోటారుసైకిలు వెనుక ట్రాలీ

పత్తికొండ ప్రాంతపు రైతునకు పంట పండించుట యొక కష్టము, పండిన పంటను మార్కెటునకు చేర్చుట మఱియొక కష్టము. 2024 డిసెంబరులో పత్తికొండ మార్కెటులో టమాటా ధర కిలో రూపాయికి దిగజాఱినట్లు వార్తలు వెలువడినవి. అట్టి దినములలో బండి కూలి యిచ్చి సరకు తెచ్చిన రైతునకు మిగులునది గంపెడు దుఃఖమే. కావున ఇంటనున్న మోటారుసైకిలునకే యొక చిన్న ట్రాలీని తగిలించుకొన్నచో కూలి కలిసివచ్చునుగదా యను తలంపు పుట్టుట సహజము. పాత ఇనుప ట్రాలీ యొకటి చవుకగా దొరకిన వెంటనే వెల్డింగు దుకాణమునకు పోయి కొక్కెము నతికించుకొనువా రెందఱో కలరు. వారి యవసరమును మేము నిందింపము. అయితే చవుక యనుకొన్నది ప్రాణములమీదికి రాకుండవలెనన్న తెలిసికొనదగిన విషయములు కొన్ని కలవు.

మొదటిది చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో మోటారు వాహనమను మాటకు చెప్పిన యర్థమునందే ట్రాలీయు చేరియున్నది. అనగా దానికిని రిజిస్ట్రేషను కావలెను. అదే చట్టపు 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. ఉత్తరదేశమున పాత యింజన్లతో కూర్చిన 'జుగాడ్' బండ్లు సైతము మోటారు వాహనములే యనియు, వానికిని చట్టము వర్తించుననియు సుప్రీముకోర్టు 2013లో తీర్పు చెప్పినది. కావున కాగితములు లేని ట్రాలీని కొన్నవాడు ఇనుమును కొన్నాడేగాని వాహనమును కొనలేదు. దానివలన దారిలో నొకరికి గాయమైనచో భీమా కంపెనీ చేతులు ముడుచుకొనవచ్చును. అపుడు నష్టపరిహారమునకు పొలమే తాకట్టు పెట్టవలసివచ్చును. ట్రాలీ వెలను బేరమాడుటకు ముందు కాగితముల నడుగుట వివేకము; రవాణా కార్యాలయమున విచారించి యనుమతి లేనిదే రోడ్డెక్కింపకుండుట అంతకన్న వివేకము.

రెండవది యంత్రధర్మము. ఎడ్లబండి తోలిన రైతునకు దీనిని వివరింప నక్కఱలేదు. బరువు వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచును. ముందునకు మొగ్గినచో ఎద్దుల మెడలు కుంగును. ట్రాలీ విషయమును అట్టిదే. ఇరుసునకు కొంచెము ముందుగా బరువు నమర్చి, మొత్తము భారములో పదియవ వంతునకు సమీపముగా కొక్కెముపై నిలుచునట్లు చూడవలెను. వెనుక భాగము బరువైనచో ట్రాలీ పాము తోకవలె అటునిటు నూగి, నడుపువానినే క్రిందికి లాగివేయును. మోటారుసైకిలు మలుపులో ప్రక్కకు వాలును, ట్రాలీ వాలదు. కావున కొక్కెము పైకి క్రిందికిని, కుడి యెడమలకును తిరుగుటయేగాక, మెలిపడుటకుగూడ వీలైనదిగా నుండవలెను. ఆ కొక్కెమును సామాను పెట్టుకొను క్యారియరునకు గాక, గట్టి చట్రమునకే బిగింపవలెను. కొక్కెము విఱిగినను ట్రాలీ విడిపోకుండ గొలుసు తప్పనిసరి.

పాత ట్రాలీని కొనునపుడు రంగును చూచి మోసపోరాదు. కొత్త రంగు క్రింద పాత పగుళ్లు దాగియుండును; అతుకులను గీకి చూడవలెను. చక్రమును నేలనుండి పైకెత్తి తిప్పినచో గరగరమను ధ్వని రారాదు. పట్టుకొని యూపినచో కదలిక యుండరాదు. ఉన్నచో బేరింగులు అరిగినవని తెలిసికొని మార్పింపవలెను. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును: 2319 అనగా 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారము. అచ్చులు లోతుగానున్నను ఎండకు పగిలిన ముసలి టైరు బరువును మోయలేదు. వెనుక ఎఱ్ఱదీపము, ఆగుదలను మలుపును తెలుపు దీపములు, వెలుగును తిప్పికొట్టు ఎఱ్ఱబిళ్లలు లేని ట్రాలీ చీకటిలో వెనుక వచ్చువారికి యమపాశమే.

ఇవియన్నియు సరిగా నున్నను బరువు ప్రశ్న మిగులును. బ్రిటనులో మోటారుసైకిలు ట్రాలీ నీడ్చుటకు యింజను 125 సి.సి.కి మించవలెనని నియమము. ట్రాలీ వెడల్పు ఒక మీటరును మించరాదు. సరకుతోగూడిన దాని బరువు 150 కిలోలు, లేక మోటారుసైకిలు బరువులో మూడింట రెండు వంతులు, ఈ రెంటిలో నేది తక్కువయో దానిని మించరాదు. పరులదైనను మంచి కొలతను గ్రహించుటలో దోషములేదు. మన పల్లెలలోని 100 సి.సి. మోటారుసైకిలు ఆ కొలతప్రకారము ట్రాలీ నీడ్చుటకే పనికిరాదు. పోనీ, యింజను మాట విడిచి లెక్కవేయుదము. మోటారుసైకిలు బరువు 110 కిలోలైనచో ట్రాలీ భారము 73 కిలోలకు మించరాదు. ట్రాలీ యినుమే 40 కిలోలున్నచో సరకునకు మిగులునవి 33 కిలోలు. పాతిక కిలోల టమాటా పెట్టె యొకటి మాత్రమే పట్టును! దాని కింత ప్రయాసమేల? ఆ యొక్క పెట్టె క్యారియరుమీదనే పోవును. మనవారు దీనికి పదింతలు వేయదలచుటలోనే ప్రమాదమున్నది. మోటారుసైకిలు బ్రేకులు తన బరువును, తనపై కూర్చున్నవారి బరువును ఆపుటకే చేయబడినవి. వేగము రెట్టింపైనచో ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. దిగుడులో భారమంతయు వెనుకనుండి త్రోసినపుడు బ్రేకును నమ్ముకొన్నవాని గతి యేమి?

అట్లని మన పనివారి బుద్ధిని మేము తక్కువ చేయుటలేదు. గుజరాతులోని అమ్రేలీ జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయి జగానీగారు 1994లో బుల్లెట్టు మోటారుసైకిలు వెనుక చక్రమును తొలగించి, రెండు చక్రముల పరికరమును బిగించి, దున్నుటకును విత్తుటకును అనువైన మూడు చక్రముల యంత్రమును నిర్మించిరి. దానికి పేటెంటు సైతము లభించినది. రెండు చక్రములమీద తూగాడుదానికి బరువు తగిలించుటకును, మూడు చక్రములమీద నిలిపి పని చేయించుటకును గల భేదమును ఆయన గ్రహించెను. మన వెల్డింగు దుకాణములవారును గ్రహింపగలరు. వారు చేసినదానిని పరీక్షించి ముద్రవేయు కేంద్రము, వారి కందుబాటులోనున్న కొలతల పత్రము, రైతు భరింపదగిన రుసుము, ఈ మూటిని ప్రభుత్వము సమకూర్పవలెను. పట్టుకొని జరిమానా వేయుట సులభము. మార్గము చూపుట ధర్మము.

అంతవఱకు రైతు లేమి చేయవలెను? ఈ సీమయే సమాధానము చెప్పుచున్నది. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. ఒంటరి మగ్గమునకు సాధ్యముకానిది సంఘమునకు సాధ్యమైనది. ఊరికి పదిమంది రైతులు చేరి యొక మూడు చక్రముల సరకు ఆటోను కొనినను, అద్దెకు తీసికొనినను, టమాటా పత్తికొండకును పత్తి ఆదోనికిని చట్టబద్ధముగా, క్షేమముగా చేరును. కూలి పదిపాళ్లగును, ప్రాణభయ ముండదు. ట్రాలీయే కావలెనన్నవారు కాగితములున్నదానిని కొని, అనుమతి పొంది, తేలికైన మేతకును పనిముట్లకును మాత్రము వినియోగింతురుగాక. ధర పడిపోయిన టమాటా మరుసటి కారున కోలుకొనవచ్చును. దారిలో పడిపోయిన యింటి యజమాని తిరిగి రాడు.