రెండు ఫోన్ల చదువు – ల్యాబులో ఒకటే ఫోను!

ప్రోగ్రాము ఒకసారి రాస్తే చాలు, ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఐఫోనులోనూ పనిచేస్తుందన్న మాట ఇప్పుడు ఇంజనీరింగు చివరి సంవత్సరం విద్యార్థులను బాగా ఆకర్షిస్తోంది. అమీర్‌పేట శిక్షణ సంస్థల బోర్డుల మీద మొదలై ఈ మాట జిల్లా కేంద్రాల దాకా వచ్చింది. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ అన్న పేర్లు ఫీజు కట్టే తండ్రికి నోరు తిరగకపోవచ్చు. ఉద్యోగం వస్తుందన్న భాగం మాత్రం బాగానే అర్థమవుతుంది.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆండ్రాయిడ్‌కు జావా లేదా కోట్లిన్, ఐఫోనుకు స్విఫ్ట్ – ఇలా ఒకే పనిని రెండు భాషల్లో రెండుసార్లు రాయడం చిన్న సంస్థలకు మోయలేని ఖర్చు. దాన్ని తగ్గించడానికే ఉమ్మడి ఫ్రేమ్‌వర్కులు పుట్టాయి. రియాక్ట్ నేటివ్‌ను ఫేస్‌బుక్ 2015లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. గూగుల్ వారి ఫ్లట్టర్ తొలి పూర్తి రూపం 2018 డిసెంబరులో విడుదలైంది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి ఒక నర్సింగ్ హోముకో, విత్తనాల దుకాణానికో యాప్ చేసి ఇవ్వాలంటే ఇది అనువైన దారే. కనుక ఈ విద్య నేర్పడం తప్పు కాదు. నేర్పుతున్న తీరులోనే లోపం ఉంది.

ఐఫోను యాప్‌ను సిద్ధం చేయాలంటే ఎక్స్‌కోడ్ అనే సాధనం ఉండాలి. అది ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటరు మీద తప్ప నడవదు. ల్యాబుల్లో సాధారణంగా వరుసలు తీరి ఉండేవేమో విండోస్ కంప్యూటర్లు. ఇక విద్యార్థి రెండు ఫోన్ల విద్య నేర్చి, రెండో ఫోనులో తన యాప్ ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడకుండానే సర్టిఫికెట్టు అందుకోవలసి వస్తుంది. గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పడం అంటే ఇదే. రేపు ఇంటర్వ్యూలో ఐఫోను కెమెరాకు అనుమతి ఎలా అడుగుతారని ప్రశ్నిస్తే ఆ కుర్రాడు నీళ్లు నమలక ఏం చేస్తాడు?

ఇది డబ్బు లేక జరుగుతున్నదని యాజమాన్యాలు తప్పించుకోవడానికి వీల్లేదు. ల్యాబు మొత్తానికి ఒక మ్యాక్ మినీ, ఒక పాత ఐఫోను ఉన్నా విద్యార్థులు వంతులవారీగా వాడుకోగలరు. యాప్‌ను ఆపిల్ స్టోరులో పెట్టాలంటే ఏటా 99 డాలర్లు కట్టాలి గాని, దగ్గరున్న ఫోనులో ఎక్కించి పరీక్షించుకోవడానికి ఉచిత ఖాతా సరిపోతుంది.

ఫ్రేమ్‌వర్కు కింద ఏముందో నేర్పకపోవడం ఇంతకన్నా పెద్ద లోపం. తెర మీద బొత్తాలు, జాబితాలు ఫ్రేమ్‌వర్కు చక్కగా చూపిస్తుంది. ఫోను లోపలి బ్లూటూత్, కెమెరా వంటివాటి దగ్గరకు వచ్చేసరికి ఎవరో రాసిపెట్టిన ప్లగిన్ మీద ఆధారపడాలి. ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువును బ్లూటూత్ ద్వారా యాప్‌లోకి తీసుకోవాలని ఒక రైసుమిల్లు యజమాని అడిగాడనుకుందాం. ఆ కాటాకు సరిపడే ప్లగిన్ దొరకకపోతే కోట్లిన్‌లో ఒక ముక్క, స్విఫ్ట్‌లో ఒక ముక్క తానే రాసుకోవాలి. దొరికినా నిశ్చింత లేదు. కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు యాప్‌లను మార్చుకోవాలని గూగుల్ ఏటా గడువు పెడుతుంది. ప్లగిన్ రాసిన ఆసామి ఆ పని మానేస్తే, యాప్ చేసి ఇచ్చిన కుర్రాడే మిల్లు యజమానికి జవాబు చెప్పుకోవాలి.

పైగా ఈ పేర్లు శాశ్వతం కావు. ఫోన్‌గ్యాప్ ఒకప్పుడు ఇలాగే మోగిన పేరు. దాన్ని తయారుచేసిన సంస్థను అడోబీ 2011లో కొన్నది, 2020లో ఫోన్‌గ్యాప్‌ను ఆపేసింది. జామరిన్‌ను మైక్రోసాఫ్ట్ 2016లో కొని, 2024 మే 1తో దానికి మద్దతు ముగించింది. సీ షార్ప్ భాషను గట్టిగా నేర్చుకున్నవారు దాని తర్వాత వచ్చిన మౌయికి మారగలరు. బొత్తాలు అమర్చడం మాత్రమే నేర్చినవారి సంగతి వేరు. శిక్షణ సంస్థకైతే బోర్డు మీద రంగు మార్చే ఖర్చే!

విశ్వవిద్యాలయాలు సిలబస్ సవరించే దాకా కళాశాలలు ఆగనక్కరలేదు. చివరి సంవత్సరం ప్రాజెక్టులో ఒక్క భాగమైనా కోట్లిన్‌లోనో స్విఫ్ట్‌లోనో రాయాలని నియమం పెట్టవచ్చు. పరీక్షకు వచ్చే ఎగ్జామినరు ముందు యాప్ రెండు ఫోన్లలోనూ నడిపి చూపాలనవచ్చు. ఒక్క ఫోనులోనే చూపితే సగం మార్కులే వేస్తామంటే, మ్యాక్ ఎప్పుడు కొంటారని విద్యార్థులే ప్రిన్సిపాల్ గది ముందు నిలబడి అడుగుతారు.