ఐదో పాలు తిన్నవారి హోటలు

ఢిల్లీ ఎర్రకోటలో 2025 డిసెంబరులో జరిగిన యునెస్కో సమావేశంలో మన దీపావళి పండుగకు అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దొరికిన సంగతి పాఠకులకు విదితమే. అదే సమావేశం, అదే డిసెంబరు 10న, ఇటలీ దేశపు వంటను కూడా ఆ జాబితాలో చేర్చింది. దీపావళి సంబరంలో ఆ రెండో వార్త మన పల్లెలకు ఆనలేదు. ఒక దేశపు వంట మొత్తానికి ఇటువంటి గౌరవం దక్కడం ఇదే మొదటిసారని ఇటలీవారు గర్వంగా చెప్పుకుంటున్నారు. చెప్పుకోవలసిందే. అయితే ఆ గౌరవం అసలు ఎవరి కష్టానికి దక్కిందో కూడా కాస్త విచారించడం మంచిది. అందులో మన జిల్లా బస్టాండు సెంటర్లలోని మెస్సులకు పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

ఇటలీ అనగానే పట్టణం పిల్లలకు పిజ్జా గుర్తుకొస్తుంది. అట్టపెట్టెలో పెట్టి బండి మీద ఇంటికి తెచ్చి ఇచ్చే ఆ పిజ్జా చాలావరకు అమెరికా కంపెనీల సరుకు. ఇటలీలో తిండికి పేరు తెచ్చిన హోటళ్ళు వేరు. అక్కడి భాషలో వాటిని ట్రట్టోరియా అని, ఒస్టేరియా అని పిలుస్తారు. తల్లి పొయ్యి దగ్గర ఉంటుంది, తండ్రి గల్లా దగ్గర ఉంటాడు, కొడుకు వడ్డిస్తాడు, కోడలు లెక్క చూస్తుంది. మన వెనకటి పూటకూళ్ళ ఇళ్ళ వంటివే అనుకోవచ్చు. ఓరుగల్లులో పూటకూళ్ళ ఇంటి భోజనం ఎలా ఉండేదో ‘క్రీడాభిరామం’లో ఉంది. కనుక ఈ వ్యాపారం మనకు నిన్నమొన్నటిది కాదు. తేడా ఏమంటే మన పూటకూళ్ళమ్మలు కథల్లోను, సామెతల్లోను మిగిలారు. అక్కడివారు ఇంకా వీధి మీద అంగడి తెరిచి కూర్చున్నారు.

రోమ్ నగరంలో టెస్టాచ్చో అనే పేట ఉంది. 1871లో రోమ్ రాజధాని అయిన తర్వాత కూలీనాలీ జనం కోసం కట్టిన పేట అది. ఆ పేటలో ఒక పెంకుల దిబ్బ ఉంది. సుమారు 35 మీటర్ల ఎత్తు. మట్టి గాని, రాయి గాని కాదు, దిబ్బంతా పగిలిన కుండపెంకులే. రెండువేల ఏళ్ళ కిందట స్పెయిన్ నుంచి, ఆఫ్రికా ఉత్తర తీరం నుంచి ఓడల మీద నూనె తెచ్చిన జాడీలవి. నూనె పీల్చిన జాడీ మళ్ళీ వాడితే వాసన కొడుతుందని పగలగొట్టి, పైన సున్నం చల్లి, వరుసగా పేర్చారు. మన ఊళ్ళలో పాటిదిబ్బ తవ్వి పొలానికి తోలుకుపోతారు. రోమ్‌వారు మాత్రం ఆ దిబ్బ అంచులో గదులు తొలిచి సారా, ద్రాక్ష కల్లు దాచుకున్నారు. పెంకుల సందుల్లోంచి గాలి ఆడి వేసవిలో కూడా లోపల చల్లగా ఉంటుంది. కూజా నీళ్ళు ఎందుకు చల్లబడతాయో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఆ దిబ్బను ఆనుకుని 1887లో ఒక కుటుంబం ద్రాక్ష కల్లు అంగడి పెట్టింది. పేరు కెక్కీనో. ఏడాది మరిచిపోకుండా బోర్డు మీద ‘1887 నుంచి’ అని రాసుకుంది. కొద్ది కాలానికే ఎదురుగా నగరపు పశువధశాల వచ్చింది. 1888లో మొదలైన కట్టడం 1891 నాటికి పూర్తయింది. వందలాది మంది కూలీలు పొద్దున్నే వచ్చి నరికేవారు, తోళ్ళు ఒలిచేవారు, బండ్లకెత్తేవారు. వారికి కూలి కొంత డబ్బుగాను, కొంత పశువు పేగులు, పొట్ట, తోక, దవడలుగాను ముట్టేది. మన కళ్ళాల్లో చాకలికీ మంగలికీ కమ్మరికీ మేర కొలిచినట్టే ఇదీను. జాతరలో మేక తల ఎవరికి, కాళ్ళు ఎవరికి అన్న కట్టుబాట్లు చూసినవారికి ఇందులో వింత కనబడదు.

పశువును నాలుగు పాళ్ళు చేస్తే ఆ నాలుగూ దొరలకు, మతగురువులకు, షావుకార్లకు, సిపాయిలకు పోయేవట. పోగా మిగిలినది ఐదో పాలు. రోమ్‌వారి భాషలో ‘క్విన్తో క్వార్తో’. నాలుగు పాళ్ళున్న పశువుకు ఐదో పాలు ఎక్కడిదని లెక్కల మాస్టారు అడగవచ్చు. అసలు చమత్కారమంతా అక్కడే ఉంది. లెక్కలో లేని పాలు గనుకనే అది లెక్కలో లేని మనుషులకు దక్కింది.

ఆ కూలీలు మధ్యాహ్నం తమ వాటా తోకలు, పేగులు పట్టుకుని ఎదుటి అంగడికి వచ్చేవారు. వండిపెట్టమనేవారు. ఆ ఇంటి ఆడవాళ్ళు వండేవారు. ఎద్దు తోకను ముక్కలు కోసి, టమాటా, ద్రాక్ష కల్లు పోసి, సన్నని మంట మీద గంటల తరబడి ఉడికించి, మాంసం ఎముకను వదిలే వేళకు ఆకుకూర కాడలు దండిగా వేసి దించడం అక్కడి పేరుపడిన వంట. కొందరు చివర్లో ఎండుద్రాక్ష, కాస్త చేదు చాక్లెట్ పొడి కూడా వేస్తారు. దాని పేరు ‘కోడా అల్లా వాచ్చినారా’, అంటే తోళ్ళు ఒలిచేవారి తోక కూర. ఆ ఇంటి ఆడపడుచు ఫెర్మీనియా చేతిలోనే ఆ కూర ఇప్పటి రూపానికి వచ్చిందని చెప్పుకుంటారు. వంటకానికి రాజు పేరో రాణి పేరో పెట్టకుండా కూలివాడి వృత్తి పేరు పెట్టి, నేటికీ మార్చకుండా ఉంచడం మెచ్చుకోదగిన విషయం.

ఎద్దు మాంసం మాట వినగానే ముఖం చిట్లించే పాఠకులు ఉంటారు. తినమని ఎవరూ అనడం లేదు గాని, కథ వినడంలో తప్పు లేదు. మన ఊళ్ళలో మేక బోటీ, తలకాయ, కాళ్ళ పులుసు ఎవరి ఇళ్ళ నుంచి బయలుదేరి ఎవరి ఇళ్ళ దాకా వచ్చాయో అందరికీ తెలుసు. ఒకప్పుడు పెద్ద ఇళ్ళలో గుట్టుగా తెప్పించుకు తిన్న బోటీ ఇప్పుడు పెళ్ళి విందుల్లో ప్రత్యేకంగా వడ్డిస్తున్నారు. తిన్నవారికి రుచి గుర్తుంది. మొదట వండినవారి పేరు గుర్తుండదు.

అటువంటి హోటల్లో భోజనం సాగే తీరు కూడా చెప్పుకోదగ్గది. అన్నీ ఒకే విస్తట్లో పడవు. ముందు నంజుకునేవి, తర్వాత గోధుమపిండి గొట్టాలు, ఆ తర్వాత మాంసమో చేపో, పక్కన ఆకుకూర, చివర తీపి, చిన్న గిన్నెలో చిక్కటి కాఫీ. ఒకటి ముగిశాకనే రెండోది వస్తుంది. రోమ్‌లో పాత అలవాటు ప్రకారం వారానికి ఒక వరస ఉంది. గురువారం ఆలుగడ్డతో చేసిన పిండి ఉండలు, శుక్రవారం చేప, శనివారం బోటీ. ఇంట్లో ఏ రోజున ఏ కూరో పిల్లలకు ముందే తెలిసినట్టు ఊరందరికీ తెలుసు. మధ్యాహ్నం పెట్టాక తలుపులు మూస్తారు, మళ్ళీ చీకటి పడ్డాక గాని తెరవరు. వారంలో ఒక రోజు సెలవు. ఆగస్టు నెలలో, ముఖ్యంగా మన స్వాతంత్ర్య దినోత్సవం రోజునే వచ్చే వారి పండుగ ముందువెనకల, చాలామంది హోటలుకు తాళం వేసి ఊళ్ళకు పోతారు. బిల్లు అడిగితేనే తెస్తారు. అడగకముందే తేవడం అతిథిని లేచిపొమ్మనడమే అవుతుందని వారి లెక్క. మన హోటళ్ళలో పెరుగన్నం కలుపుతుండగానే బిల్లు చీటీ గ్లాసు కింద చేరుతుంది. కుర్చీ వెనక ఒకాయన నిలబడి మెతుకులు లెక్కపెడుతూ ఉంటాడు. రద్దీ వేళ అది తప్పదని సరిపెట్టుకోవచ్చు గాని, రద్దీ లేని వేళ కూడా అదే అలవాటు ఎందుకో హోటలువారే చెప్పాలి.

ఈ కథలో అన్నీ మంచిరోజులే కావు. 1975లో పశువధశాలను మూసి ఊరి బయటకు తరలించారు. ఎదురింటి కూలీలే బేరమైన హోటలుకు అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? చెరుకు ఫ్యాక్టరీయో, నూలు మిల్లో మూతపడ్డ ఊళ్ళలో గేటు ముందరి టీకొట్ల గతి ఏమైందో మన జిల్లావారు ఎరుగుదురు. తర్వాత 2001లో పిచ్చి ఆవుల జబ్బు కారణంగా యూరప్ దేశాలు పశువు పేగుల వాడకాన్ని నిషేధించాయి. పాలు తాగే దూడ పేగుతో చేసే ‘పయాతా’ అనే వంట రోమ్‌వారికి ప్రాణం. 2015లో నిషేధం సడలేదాకా దూడకు బదులు గొర్రెపిల్ల పేగుతో సరిపెట్టుకున్నారు. ఇన్ని జరిగినా ఆ వంటలు పోలేదు. నడవని వంట తీసేసి నడిచే వంట పెట్టడం వ్యాపారి సహజగుణం. కాని తమ ఇంటి వంట నడవని రోజుల్లో కూడా దాన్ని వండుతూ, దాని కథ చెబుతూ కూర్చోవడానికి మొండితనం కావాలి. అద్దె కట్టే హోటలుకు ఆ మొండితనం కుదరదు. జీతానికి వచ్చిన మేనేజరుకు అసలే అక్కరలేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పొయ్యి, గల్లా, వడ్డన పంచుకున్నచోటనే అది సాధ్యమైంది.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి. కూలివాడి తోక కూర ఇప్పుడు తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీదికి వచ్చింది. దేశదేశాల యాత్రికులు ముందుగా బల్ల చెప్పించుకుని వస్తారు. ఆ మూసిన పశువధశాలలో చిత్రకళా ప్రదర్శనలు, విశ్వవిద్యాలయపు తరగతులు నడుస్తున్నాయి. తోళ్ళు ఒలిచినవారి మనవలకు ఆ పేటలో ఇంటి అద్దె భారమైంది. వారు తమ తాత తిన్న కూరను పండక్కో పబ్బానికో తప్ప ఆ ధరకు తినలేరు. కూలివాడి పేరు పెట్టుకున్న వంట కూలివాడికి అందకుండా పోవడం ఆ హోటలువారి తప్పు కాకపోవచ్చు. అయినా యునెస్కో బిరుదుపత్రంలో ఆ మాట కనపడదు.

మరో సంగతి. ‘కుటుంబ హోటలు’ అన్న మాట వెనక వంటింట్లో ఎవరున్నారన్నది ఇప్పుడు రోమ్‌లో అడగవలసిన ప్రశ్నే. ఆ నగరపు వంటిళ్ళలో గిన్నెలు తోమేవారిలో, వండేవారిలో కూడా ఈజిప్టువారు, బంగ్లాదేశ్‌వారు చాలామంది. ఇటలీ ఉత్తరాన పాడిపశువుల కొట్టాల్లో, దక్షిణాన టమాటా, కూరగాయల పొలాల్లో మన పంజాబువారు వేలల్లో ఉన్నారు. 2024 జూన్‌లో రోమ్‌కు దక్షిణాన లాటినా ప్రాంతంలో ఒక పంజాబు కూలీకి పొలం యంత్రంలో చేయి తెగితే ఆసుపత్రికి చేర్చకుండా ఇంటి ముందు దింపిపోయారు. అతడు చనిపోయాడు. ఇటలీ అంతా అట్టుడికింది. ఈ కాలపు ఐదో పాలు ఎవరి వంతుకు వచ్చిందో ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. ప్రతి తాలూకా కేంద్రంలోను ఇద్దరో ముగ్గురో భార్యాభర్తలు నడిపిన మెస్సులు ఉండేవి. కోర్టు పనికి వచ్చినవారు, సంతకు వచ్చిన రైతులు, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకున్నవారు అక్కడే తినేవారు. గోంగూర, కందిపప్పు, చింతచిగురు, ఆదివారం తలకాయ కూర. అమ్మగారు ‘ఇంకాస్త వేసుకో నాయనా’ అనేది. ఇప్పుడు ఆ ఇళ్ళ పిల్లలు చదువుకుని హైదరాబాదు పోయారు. పోవడం తప్పు కాదు. వచ్చే సంబంధాలు ‘హోటలు వాళ్ళా’ అని పెదవి విరుస్తుంటే ఏ కుర్రవాడు గరిటె పట్టుకుంటాడు? ఉన్న హోటళ్ళు కూడా గోంగూర తీసి నూడుల్సు, మంచూరియా బోర్డు కట్టాయి. జొన్నరొట్టె, సంగటి మాత్రం ఈమధ్య హైవే పక్కన పెద్ద హోటళ్ళలో మళ్ళీ వెలిశాయి, నాలుగింతల ధరకు. తోక కూర కథే ఇక్కడా నడుస్తోందన్నమాట. తేడా ఏమంటే అక్కడ ఆ లాభంలో కొంత అయినా వండిన ఇంటికే చేరింది. ఇక్కడ అదీ లేదు.

పిల్లల సిగ్గు ఒక్కటే కారణమనడం కూడా న్యాయం కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట కూలేవి ఈ మెస్సులే. కొత్తగా కట్టిన మునిసిపల్ కాంప్లెక్సులో గదులు వేలం వేస్తే పెద్ద పాట పాడగలిగినది సెల్‌ఫోను దుకాణం, నగల దుకాణం. ముప్పై ఏళ్ళు ఊరికి అన్నం పెట్టిన ఇల్లాలు వేలంలో చేయి ఎత్తలేదు. రోమ్‌లోను, ఇటలీలోని మరికొన్ని నగరాల్లోను ఏళ్ళ తరబడి నడిచిన అంగళ్ళను ‘చారిత్రక అంగడి’గా నగరపాలక సంస్థలే గుర్తించి పట్టీలో రాస్తాయి. అది ఖర్చుతో కూడిన పని కూడా కాదు. మన పురపాలక సంఘాలు పాతికేళ్ళు దాటిన ఇంటి హోటళ్ళ పేర్లు ఒక రిజిస్టరులో రాయించి, రోడ్డు పనిలో జాగా పోయినవారికి కొత్త కాంప్లెక్సులో వేలం లేకుండా పాత అద్దె మీద ఒక్కొక్క గది కేటాయించే తీర్మానం చేయవచ్చు. వచ్చే కౌన్సిలు సమావేశపు అజెండాలో ఈ అంశం పెట్టమని వార్డు సభ్యులను అడగవలసినది ఆ మెస్సుల్లో అన్నం తిన్నవారే.