మా నాయన తలగుడ్డకి మార్కుల్లేవు

ఎమ్మే ఇంగ్లీషు పరీక్షలో ఎర్ర టోపీ మీద ప్రశ్న వచ్చింది. మూడు పేజీలు రాశాను. మంచి మార్కులే పడ్డాయి. ఆ మూడు పేజీల్లో ఒక్క ముక్క కూడా నాది కాదు. నా ముక్క ఇప్పుడు రాస్తున్నాను.

నవల పేరు 'ది క్యాచర్ ఇన్ ది రై'. జె.డి. సాలింజర్ రాశాడు, 1951లో అచ్చయింది. హోల్డెన్ అని పదహారేళ్ల అమెరికా పిల్లాడు, డబ్బున్న ఇంటివాడు. బడిలోంచి వెళ్లగొడితే న్యూయార్కు వీధుల్లో తిరుగుతుంటాడు. వాడికో ఎర్ర టోపీ. వేటగాళ్లు పెట్టుకునేది, ముందు పొడుగాటి అంచుంటుంది. ఒక డాలరు పెట్టి కొంటాడు. అంచు వెనక్కి తిప్పి పెట్టుకుంటాడు. మా లెక్చరరు ఆ టోపీని వారం రోజులు చెప్పాడు. వ్యక్తిత్వానికి గుర్తట, లోకం మీద తిరుగుబాటుకి గుర్తట, చచ్చిపోయిన తమ్ముడి ఎర్రజుట్టుకి గుర్తట. గైడులోనూ అదే. "ఇది ప్రపంచంలో ప్రతి కుర్రవాడి కథ" అన్నాడాయన. నేను బుద్ధిగా రాసుకున్నాను.

ప్రతి కుర్రవాడిదా? సరే, మా మాదిగపల్లె కుర్రవాడి సంగతి చెబుతా వినండి.

మాది ప్రకాశం జిల్లా. మా తాత, మా నాయన తలకి తువ్వాలు చుట్టుకుని కూలికి పోయేవాళ్లు. పల్లె దాటి ఊళ్లో అడుగుపెట్టే చోట ఒక వేపచెట్టు ఉంది. ఆ చెట్టు దగ్గరికి రాగానే చేతులు వాటంతటవే పైకి లేచేవి. తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకునేవాళ్లు. కాళ్ల చెప్పులు చేతిలోకి వచ్చేవి. విప్పమని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగాల్సిన అవసరం మా ముత్తాతల నాడే తీరిపోయింది. ఊరు దాటి చేలో దిగాక మళ్లీ చుట్టుకునేవాళ్లు. ఎండ మాత్రం ఊళ్లోనూ ఒకటే, చేలోనూ ఒకటే.

ఇంటర్ చదివేటప్పుడు తిరునాళ్లలో ముప్ఫై రూపాయలు పెట్టి నేనో క్రికెట్ టోపీ కొన్నాను. నీలంది. అంచు వెనక్కి తిప్పి పెట్టుకున్నాను. హోల్డెనెవడో అప్పటికి నాకు తెలీదు. నాయనతో కలిసి ఊళ్లోంచి నడిచొస్తున్నా. అరుగు మీద కామందు కూచున్నాడు. నోరు తెరవలేదు, చూశాడంతే. నా నెత్తిమీది టోపీ లేచిపోయింది. తీసింది మా నాయన. తన తువ్వాలుతోపాటే చంకలో పెట్టుకుని, "కుర్రోడు, తెలవదు బాబూ" అన్నాడు. ఇంటికొచ్చి దాన్ని చూరులో దోపాడు. రెండు రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. కోపం రావాల్సింది కామందు మీద గదా, నాకు నాయన మీద వచ్చింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

హోల్డెన్ కూడా ఒకచోట టోపీ తీసేస్తాడు. హోటల్లో గది తీసుకోబోతూ, తిక్కలోడనుకుంటారేమోనని. గైడువాడు దీనికి కూడా అర్థం చెప్పాడు. సమాజానికి వ్యక్తి లొంగిపోవడమట! వాడు తియ్యకపోతే నలుగురు నవ్వుతారు, అంతేగా. మావాళ్లు తియ్యకపోతే ఏమవుతుందో ఏ గైడులోనూ లేదు. 1985లో కారంచేడు మా జిల్లాలోనే జరిగింది. 1991లో చుండూరులో, సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ఎనిమిదిమంది దళితుల శవాల దాకా పోయింది. కాలు తగిలితేనే అంత అయినప్పుడు, మా నాయన చెయ్యి ఎందుకంత తొందరపడిందో వేరే చెప్పాలా?

ఆ పిల్లాడి మీద నాకేం కోపం లేదు. వాడి దుఃఖం నిజం. చివర్లో, వాడు చెల్లెలికిచ్చేసిన టోపీని ఆ పిల్ల మళ్లీ తెచ్చి అన్న నెత్తిన పెడుతుంది. ఆ వెనకే కుండపోత వాన. వాడు బెంచీ మీద తడుస్తూ కూచుంటాడు. అక్కడ నేను ఏడ్చాను, దాచుకోను. చూరులో దోపిన నా టోపీని మళ్లీ నా నెత్తిన పెట్టినవాళ్లు లేరు.

నా పేచీ మా లెక్చరరుతో. ఆయనదీ మా జిల్లానే. ఆయన ఊళ్లోనూ తలగుడ్డలు విప్పించే వేపచెట్టు ఒకటి ఉండే ఉంటుంది. అరుగు మీద ఎవరు కూచునేవాళ్లో ఆయనకి తెలియకపోదు. సముద్రాలవతల టోపీలో తిరుగుబాటు కనిపెట్టినవాడికి పక్కవీధి తువ్వాలు కనపడలేదు. కనపడలేదా, కనపడినా పాఠం కాదనుకున్నాడా?

గుడ్డకి అర్థం ఉంటుందని సాలింజర్ వచ్చి మాకు చెప్పనక్కర్లేదు. ఆ నవలకి ఇరవై నాలుగేళ్ల ముందే, 1927 డిసెంబరులో, మహాడ్‌లో అంబేద్కర్ మన ఆడవాళ్లకి చెప్పాడు: చీరకట్టు మార్చండి, కులాన్ని పట్టిచ్చే ఆ బరువు నగలు తీసి పారెయ్యండి అని. పల్లె పల్లెకీ మొగదల ఆయన నీలం కోటు తొడుక్కుని నిలబడున్నాడు. ఆ కోటు దేనికి గుర్తో రాయమని అడిగిన ప్రశ్నపత్రం నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు నేను సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు పంతుల్ని. ఆ మధ్య తొమ్మిదో తరగతి పిల్లాడొకడు, మా పల్లెల నుంచి వచ్చేవాడే, టోపీ పెట్టుకుని క్లాసులోకి వచ్చాడు. "తియ్యరా" అన్నాను. పంతులు నోరు, అలవాటుగా వచ్చేసింది. వాడు తీసి, జేబుంది, భుజాన సంచీ ఉంది, చంకలో పెట్టుకున్నాడు.

చేతిలో సుద్దముక్క అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి "పెట్టుకోరా" అన్నాను. వాడు పెట్టుకోలేదు. ఇందులో ఏం మెలిక ఉందోనని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.